పగలు బడి, రాత్రి భజన: ధనుర్మాసం దాకా గొంతు నిలబడేదెలా?

చీపురుపల్లి టీచర్:

అందరికీ నమస్కారం. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. వయసు నలభై ఆరు. చిన్నప్పుడు విజయనగరంలో వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నాను. కచేరీల జోలికి పోలేదు గాని పాట మానలేదు. మా ఊరి రామాలయంలో శనివారాలు, ఏకాదశులు భజన ఉంటుంది. కార్తీకంలో రోజూ. బృందంలో ఆడవాళ్ళం నలుగురం, మగవాళ్ళు ఎనిమిది మంది. హార్మోనియం, డోలక్, తాళాలు ఉంటాయి. హార్మోనియం వాయించే పెద్దాయన రెండు శ్రుతి (రెండో తెల్లమెట్టును ‘స’గా పెట్టుకోవడం) తప్ప ఇంకోటి ముట్టరు.

సంగతి ఏమిటంటే, బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో నడుస్తాయి. పైన రెండు ఫ్యాన్లు, ఒకటి గడగడలాడుతుంది. మధ్యాహ్న భోజనం వేళకే గొంతు బరువెక్కిపోతుంది. సాయంత్రం భజనకు కూర్చుంటే కింది స్వరాలు బాగానే పలుకుతాయి. పైకి వెళ్ళేసరికి గాలి వస్తుంది గాని స్వరం రాదు. మెల్లగా పాడదామంటే అసలు పలకదు, గట్టిగా నెడితేనే పలుకుతుంది. ఇది దసరా వెళ్ళినప్పటి నుంచీ ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఏదో అడ్డుపడ్డట్టు ఉండి మాటిమాటికీ గొంతు సవరించుకుంటాను.

చేస్తున్న వైద్యం: శొంఠి, మిరియాలు, పటికబెల్లం నూరి తేనెతో తీసుకుంటున్నాను. రాత్రి కరక్కాయ బుగ్గన పెట్టుకుంటున్నాను. అతిమధురం ముక్క పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోట్లోనే ఉంటుంది. నీలగిరి తైలం చుక్కలు వేసి ఆవిరి పడుతున్నాను. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. ఇది కూడా చెప్పాలేమో అని రాస్తున్నాను. భజన అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. అక్కడే పులిహోర ప్రసాదం, ఇంటికి వచ్చి ఒక టీ, వెంటనే పడక.

డిసెంబరు 16 నుంచి ధనుర్మాసం. తెల్లవారుజామున నాలుగున్నరకే నగర సంకీర్తన మొదలవుతుంది. నెల రోజులు మంచులో నడుస్తూ పాడాలి. సన్నని తుంపరగా పీల్పించే నెబ్యులైజర్ కొనమని ఒకరు, నీళ్ళలో ఊదే సిలికాన్ గొట్టం కొనమని మరొకరు చెబుతున్నారు. ఏది కొనాలి? మందు ఏదైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

రిటైర్డ్ సంగీతం మాస్టారు, విజయనగరం:

అమ్మా, మందులు, గొట్టాలు తరువాత చూద్దాం. “రెండు శ్రుతి తప్ప ముట్టరు” అని ఒక్క ముక్కలో దాటేశారు చూడండి, ముందు అక్కడ ఆగుదాం.

మీకు పాఠం ఏ శ్రుతిలో చెప్పారో రాయలేదు. ఆడవాళ్ళకు సాధారణంగా నాలుగున్నరకూ ఆరుకూ మధ్య ఉంటుంది కాబట్టి అయిదు అనుకుందాం. హార్మోనియం మీద అయిదో తెల్లమెట్టు మీ షడ్జమం, అంటే ‘స’. మరి మగవాళ్ళు కూర్చున్న రెండో మెట్టు మీకు ఏమవుతుంది? పంచమం. మీ పంచమాన్ని షడ్జమం చేసుకుని పాట ఎత్తుకుంటే, పల్లవిలో పై షడ్జమం తగిలేసరికి మీ గొంతు తార పంచమంలో, అంటే పై స్థాయి ‘ప’లో ఉంటుంది. కచేరీ పాడే విద్వాంసురాలు కూడా రాగం విస్తరించేటప్పుడు ఒకటి రెండు సార్లు అక్కడికి వెళ్ళి దిగి వచ్చేస్తుంది. మీరు రోజూ రెండు గంటలు అక్కడే కాపురం చేస్తున్నారు.

లెక్క కావాలంటే చూడండి. అయిదు శ్రుతి మధ్య షడ్జమం పాడేటప్పుడు స్వరతంత్రులు (గొంతులో స్వరం పలికించే రెండు మడతలు) ఒకదానికొకటి సెకనుకు 196 సార్లు తగులుతాయి. రెండు శ్రుతి తార షడ్జమంలో అది 587. చరణంలో ఆ పైన అంతర గాంధారం (‘గ’) వచ్చిందా, 740. అదీ ఎనిమిది మగగొంతులు, తాళాలు, డోలక్ మధ్య, పొద్దున్నుంచీ బడిలో అరిచి వచ్చిన గొంతుతో. శొంఠి పాపం ఏం చేస్తుంది?

కాబట్టి మీరు సరిచేయవలసిన మొదటి పరికరం ఆ హార్మోనియం. ఆడవాళ్ళు అందుకునే పాటలు అయిదులో, మగవాళ్ళు అందుకునేవి రెండులో నడవాలి. వాళ్ళ పాట సాగుతున్నప్పుడు మీరు వంత పాడండి. పైకి వెళ్ళే చోట ఊరుకుని తాళం వేయండి, రాముడేమీ అనుకోడు. మన జిల్లాల్లో జముకుల కథ చెప్పేవారిని గమనించండి. కథకుడు ఒక ముక్క పాడతాడు, వంతలు అందుకుంటారు. ఆ వంతలు ఉన్నది అలంకారానికి మాత్రమే కాదు, ప్రతి చరణానికీ కథకుడి గొంతుకు రెండు ఊపిరుల విశ్రాంతి దొరుకుతుంది. మీ భజన బృందాలు ఆ పద్ధతి వదిలేసి మొదటి నుంచి చివర దాకా అందరూ కలిసి ఒకటే హోరు.

“ఆ రోజుల్లో మైకులు లేకుండానే రాత్రంతా హరికథ చెప్పేవారు” అని ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారు, అందుకే ముందే చెబుతున్నాను. నిజమే. 1919లో మా ఊళ్ళో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు పేరు తెచ్చుకున్నది మైకు లేని కాలంలోనే. అయితే హరికథలో పాట ఒకటే ఉండదు. పద్యం, వచనం, పిట్టకథ, మధ్యలో నవ్వు. గొంతు ఒకే చోట నిలబడదు. పైగా దాసుగారు తన శ్రుతిలో తాను చెబుతారు, ఎవరో పెట్టిన మెట్టు మీద కాదు.

ఇక బడి. ఎంతోమంది టీచర్లకు పాఠం చెప్పాను. వాళ్ళ గొంతు పాట వల్ల పాడైన దాఖలాలు తక్కువ, మాట వల్ల పాడైనవే ఎక్కువ. పల్లవికి ముందు నిండా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్న మనిషి, “ఒరేయ్, కూర్చో” అనడానికి మాత్రం ఊపిరి తీసుకోదు. ఉన్న కాస్త గాలినీ మెడ బిగించి నెట్టేస్తుంది. మీరు ఒక పని చేయండి. గోల ఎక్కువైతే బల్ల మీద చేత్తో ఆదితాళం ఒక ఆవర్తం (ఎనిమిది దెబ్బల ఒక చుట్టు) కొట్టండి. పిల్లలు దాన్ని తిరిగి కొట్టాలన్నది నియమం. మొదటి రోజు ఆటగా ఉంటుంది, వారం తిరిగేసరికి అలవాటవుతుంది. గోడ ఇవతల నుంచి మూడు తరగతుల మోత వినబడి పక్క గది టీచరుగారు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

సాధన సంగతి. తెల్లవారుజామున మంద్రస్థాయి (కింది స్థాయి) సాధన మంచిదని మనవాళ్ళు చెప్పిన మాట సరైనదే, గట్టిగా అరవమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫోనులో తంబూర పెట్టుకుని నోరు మూసి ‘మ్’ అంటూ షడ్జమం, అక్కడ నుంచి మంద్ర పంచమం దాకా దిగి రండి. పెదవులు అదురుతున్నట్టు తెలియాలి. తరువాత సరళీ వరుసలు (తొలి పాఠాల స్వర వరుసలు) మొదటి కాలంలో, అంటే నిదానంగా, పక్కగదిలో నిద్రపోతున్నవారు లేవనంత మెల్లగా. పావుగంట చాలు. కరక్కాయకు నేను వ్యతిరేకిని కాను. వగరుకు ఉమ్మి ఊరి, మింగినప్పుడల్లా గొంతు గరగర తగ్గుతుంది. ఆ మాత్రం మేలు. అంతకు మించి అది స్వరాన్ని ఇవ్వదు.

మైకుసెట్టు, నరసన్నపేట:

మేడమ్, మాస్టారు శ్రుతి చెప్పారు, నేను చప్పుడు సంగతి చెబుతాను. పెళ్ళిళ్ళకు, జాతరలకు, భజనలకు మైకులు కట్టడమే మా పని. తప్పెటగుళ్ళ బృందాలకు కూడా కట్టాను. ఛాతీ మీద రేకులు వాయిస్తూ, ఎగురుతూ పాడే వాళ్ళకే గొంతు ఆఖరి దాకా ఉంటుంది, కూర్చుని పాడే భజన వాళ్ళకు ఉండదు. ఎందుకో గమనిస్తే, భజన దగ్గర స్పీకర్లన్నీ ఊరి వైపు తిరిగి ఉంటాయి. పాడేవాళ్ళకు తమ గొంతు తమకే వినబడదు. వినబడకపోతే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే వివరించాడట, అందుకే దానికి ఆయన పేరే పెట్టారు. మీరు మెల్లగా పాడాలని ఒట్టు పెట్టుకున్నా ఆ హోరులో నిలవదు.

చిన్న స్పీకరు ఒకటి మీ వైపు తిప్పి పెట్టించుకోండి. మీ ముందు, నేల మీద, మైకు వెనక భాగం ఆ స్పీకరుకు ఎదురుగా ఉండేలా. భజనల్లో వాడే మైకులు ఎక్కువగా ముందు వైపు శబ్దాన్ని పట్టుకుంటాయి, వెనక వైపుది వదిలేస్తాయి. అలా పెడితే స్పీకరులో కూత (కీచుమనే మోత) రాదు. మైకు తలను గుప్పిట్లో పట్టుకోకండి. పట్టుకుంటే ఆ వెనక వైపు కన్నాలు మూసుకుపోయి అన్ని దిక్కుల నుంచీ లాగుతుంది, కూత మొదలవుతుంది. అప్పుడు మావాడు పరుగున వచ్చి సౌండు తగ్గిస్తాడు, మీరు ఇంకా గట్టిగా పాడతారు. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉండాలి. ఆడవాళ్ళు నలుగురికీ ఒకే మైకు ఇచ్చి మగవాళ్ళకు మూడు పెడుతుంటారు, అది కూడా అడిగి మార్పించుకోండి. ఎకో తగ్గించమనండి. ఎకో ఎక్కువైతే మాట కలిసిపోయి, స్పష్టంగా వినబడాలని మళ్ళీ గొంతు పెంచుతారు.

బడికి నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, చెవికి తగిలించుకునే మైకు కలిపి దొరుకుతాయి. టూరిస్టు గైడ్లు వాడేది అదే. దాన్ని గట్టిగా పెట్టడానికి కాదు, మామూలు మాట వెనక బెంచీకి చేరడానికి వాడండి. ముందు ఆ గడగడలాడే ఫ్యాను బాగు చేయించండి మేడమ్.

స్పీచ్ థెరపిస్టు, విశాఖపట్నం:

పై ఇద్దరూ చెప్పినవి నేను కాగితం మీద రాసి ఇచ్చేవే, వాటిని మళ్ళీ చెప్పను. మీ ప్రశ్నలో నన్ను ఆపిన వాక్యం: “మెల్లగా పాడదామంటే పలకదు, గట్టిగా నెడితేనే పలుకుతుంది.” స్వరతంత్రుల అంచు కొద్దిగా వాచినా మొదట పోయేది పై స్థాయిలో మెల్లని స్వరమే. గట్టిగా నెట్టినప్పుడు గాలి ఒత్తిడి ఆ వాపును దాటించేస్తుంది కాబట్టి లోపం బయటపడదు. ఇకనుంచి రోజూ ఉదయం, రాత్రి బాగా తెలిసిన ఒక పాట పల్లవిని మీ పై స్థాయిలో, జోలపాటంత మెల్లగా పాడి చూడండి. ఎక్కడ ఆగి ఆగి పలుకుతోందో గుర్తు పెట్టుకోండి. రాత్రి పోయిన స్వరం పొద్దుటికి తిరిగి రాకపోతే ఆ రోజు భజన మానేయాలి.

దసరా నుంచి అంటున్నారు. గొంతు మార్పు మూడు వారాలు దాటితే చూపించుకోవాలి, మీది దాటింది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే స్వరతంత్రులు కనబడవు. కెమెరాతో చూడమని అడగండి, స్ట్రోబోస్కోపీ ఉన్న చోటయితే మరీ మంచిది. సెకనుకు రెండు వందల సార్లు కదిలే దాన్ని కన్ను పట్టుకోలేదు. ఆ వేగానికి కొంచెం తేడాగా లైటు మిణుకుమంటే కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు తెర మీద కనిపిస్తుంది. అంచు ఎక్కడ బిగుసుకుందో అప్పుడు తెలుస్తుంది. గాయకులకు, టీచర్లకు వచ్చే బుడిపెలు తంత్రుల ముందు భాగంలో, రెండు వైపులా ఎదురెదురుగా వస్తాయి. బుడిపె అనగానే ఆపరేషన్ అని భయపడకండి. చాలావరకు మాట అలవాట్లు మార్చడంతో, వ్యాయామాలతో తగ్గుతాయి.

మీ వైద్యాల్లో నాకు ఇబ్బందిగా ఉన్నది అతిమధురం. రోజంతా నమిలితే అది బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మాత్ర వేసుకునేవారు దాన్ని మానాలి. మాత్ర పేరు చూడండి. చివర ‘ప్రిల్’ అని ఉంటే, ఆ రకం మాత్రలు కొందరికి పొడిదగ్గు, గొంతులో దురద తెస్తాయి. మీరే ఆపేయవద్దు, రాసిచ్చిన డాక్టరును అడగండి. ఇంకోటి, పాడే రోజుల్లో ఒళ్ళునొప్పులకు ఆస్పిరిన్ వద్దు. తంత్రుల మీద సన్నని రక్తనాళం చిట్లితే రక్తం త్వరగా ఆగదు.

పులిహోర, టీ, పడక. ఆ వరుస మార్చండి. కడుపులోని ఆమ్లం పడుకున్నప్పుడు గొంతు దాకా వస్తుంది. గుండెల్లో మంట లేకుండానే, మీరు చెప్పిన ‘అడ్డుపడ్డట్టు’ అనిపించడమే దాని లక్షణం కావచ్చు. భోజనం భజనకు ముందే కానిచ్చి, ప్రసాదం కళ్ళకద్దుకుని చిటికెడు తినండి, మిగతాది పొద్దుటికి. తలవైపు మంచం కాళ్ళ కింద ఇటుక పెట్టండి. దిండ్లు పెంచితే మెడ వంగుతుంది తప్ప లాభం లేదు. గొంతు సవరించుకోవడం అంటే రెండు తంత్రులనూ బలంగా కొట్టడమే. అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీళ్ళు మింగండి. గుసగుసలాడటం విశ్రాంతి అనుకుంటారు చాలామంది, అది కూడా బిగింపే. మాట్లాడాలంటే మెల్లని మామూలు గొంతుతో మాట్లాడండి, లేదా ఊరుకోండి.

నీళ్ళు తాగితే తంత్రులు తడుస్తాయన్నది భ్రమ. తాగిన నీళ్ళు పక్క దారిలో కడుపులోకి పోతాయి, ఒంటికి పట్టి అక్కడికి చేరేసరికి గంటలు పడుతుంది. పాడే ముందు లోటాడు తాగడం కన్నా పొద్దున్నుంచీ కొంచెం కొంచెంగా తాగడం మేలు. నేరుగా తంత్రులను తాకేది ఆవిరి. అందులో నీలగిరి తైలం, కర్పూరం, బామ్ వేయకండి. చల్లగా హాయిగా అనిపిస్తుంది గాని అవి పొరను రేపుతాయి. వట్టి నీళ్ళు చాలు. కాబట్టి నెబ్యులైజర్ మీకు అవసరం లేదు. ఎవరైనా వాడితే 0.9 శాతం సెలైన్ మాత్రమే పోయాలి, కుళాయి నీళ్ళు కాదు.

సిలికాన్ గొట్టం అన్నారు కదా, ఫిన్లాండు థెరపిస్టులు వాడుకలోకి తెచ్చిన పద్ధతి అది. మంచిదే. డబ్బు పెట్టకుండా కొబ్బరిబోండాం స్ట్రాతో మొదలుపెట్టవచ్చు. గ్లాసులో సగం నీళ్ళు, స్ట్రా కొస రెండు సెంటీమీటర్లు మునగాలి. పెదవులు బిగుతుగా మూసి ‘ఊ’ అంటూ ఊదండి. బుడగలు ఆగకుండా ఒకే తీరున రావాలి. ఆగితే ఊపిరి తగ్గిందని, నీళ్ళు చిందితే ఎక్కువైందని అర్థం. తరువాత అదే ‘ఊ’ను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జార్చండి. బయటి నుంచి వచ్చే ఆ ఎదురు ఒత్తిడి తంత్రులను కాస్త ఎడంగా ఉంచుతుంది, అవి కొట్టుకోవు, కదులుతాయి. రెండు నిమిషాలు చాలు. బడికి ముందు, మధ్యాహ్నం, భజనకు ముందు, అయ్యాక. అయ్యాక చేసేదే ముఖ్యం, అందరూ మరిచేదీ అదే.

చీపురుపల్లి టీచర్:

అందరికీ ధన్యవాదాలు. మాత్ర పేరు టెల్మిసార్టన్, ‘ప్రిల్’ కాదు. అతిమధురం మానేశాను. విశాఖ వెళ్ళి కెమెరాతో చూపించుకున్నాను. బుడిపెలు లేవు, రెండు అంచులూ వాచి ఉన్నాయట. వెనక భాగం ఎర్రగా ఉంది, ఆమ్లం వల్ల కావచ్చు అన్నారు. రెండు వారాలు పాట వద్దు, మాట తగ్గించు అన్నారు. ఆదితాళం పనిచేస్తోంది. అయిదో తరగతి పిల్లలు మాత్రం రెట్టింపు వేగంలో కొడుతున్నారు.

హార్మోనియం పెద్దాయనతో మాట్లాడాను. “నలభై ఏళ్ళుగా రెండులోనే రాముడు విన్నాడు” అంటున్నారు. మాస్టారూ, ఇప్పుడేం చేయాలి?

రిటైర్డ్ సంగీతం మాస్టారు, విజయనగరం:

ఆయన బాధ నాకు తెలుసు. వేళ్ళకు ఆ మెట్లే అలవాటు, అయిదులో వాయించమంటే నల్లమెట్లు మారిపోయి చెయ్యి తడబడుతుంది, పదిమందిలో చిన్నతనం. అది ఆయన నోటితో చెప్పరు. స్కేల్ ఛేంజర్ ఉన్న హార్మోనియం అయితే మెట్ల పలకను పక్కకు జరిపి బిగిస్తే సరి, ఆయన రెండులోనే వాయిస్తారు, పలికేది అయిదు. అలాంటిది ఖరీదు. బృందంలో ఎవరింట్లోనైనా పిల్లల ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంటే అందులో ట్రాన్స్‌పోజ్ బొత్తాం ఉంటుంది, +5 వచ్చేదాకా పైకి నొక్కండి. ఆడవాళ్ళ పాటలకు అది, మగవాళ్ళ పాటలకు హార్మోనియం. రెండూ ఆయన చేతికే ఇవ్వండి. వేరొకరికి ఇచ్చారో, ఈ జన్మలో మీకు అయిదు రాదు.

వాపు తగ్గాక కూడా మొదటి వారం చరణాలు మీరు ఎత్తుకోకండి.

మైకుసెట్టు, నరసన్నపేట:

నగర సంకీర్తన గురించి ఎవరూ చెప్పలేదు మేడమ్. ఆటో మీద గొట్టం మైకు (లౌడ్‌స్పీకరు) ముందుకు చూసేలా కట్టించి, మీరు ఆటో వెనక నడవండి. ముందు నడిస్తే గొట్టం మీ వీపుకే తగులుతుంది, చెవులు దిబ్బళ్ళు పడతాయి. పొగ మీ మీదకు రాకుండా పది అడుగులు ఎడంగా ఉండండి. మైకు వైరు అంత దూరం చాలదు, వైర్‌లెస్ మైకు అడగండి. ముక్కు, నోరు కప్పేలా కండువా చుట్టుకుని, పాడేటప్పుడే దించండి. బ్యాటరీ ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టించండి, నాలుగింటికి మావాళ్ళు ఎవరూ ఫోను ఎత్తరు.